వాలు చూసి ఆపిన కారు

7 ఆగస్టు 1978, సోమవారం

ఈ డైరీ జనవరిలో సిమెంటు కంపెనీ వాళ్లు ఆఫీసులో పంచింది. ఏడు నెలలుగా తెల్లగా పడి ఉంది. ఇవాళ మొదలుపెట్టడానికి ప్రత్యేకమైన కారణం ఏమీ లేదు. కారు మళ్లీ స్టార్టు కావడం లేదు, అంతే.

పొద్దున్న స్టార్టరు పిడి లాగాను. మోటారు గుయ్‌మని తిరిగింది, ఇంజను మాత్రం కదల్లేదు. మళ్లీ లాగాను. మళ్లీ గుయ్. ఈ స్టార్టరుని జూన్‌లో నజీర్ అహ్మద్ విప్పి, కడిగి, బ్రష్షులు మార్చి, "ఇంక రెండేళ్లు దీన్ని సూడక్కర్లేదు బావా" అన్నాడు. రెండు నెలలు తిరక్కుండానే ఇదీ సంగతి.

దేముడమ్మ వంటింటి కిటికీలోంచి చూసింది. నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"కేరేజీ మర్సిపోనారు" అని కిటికీలోంచే అందించింది. కేరేజీని ఎడమ పక్క సీటులో పెట్టుకుని, బ్రేకు వదిలి, మా వీధి వాలులో జారుకుంటూ వెళ్లి, మలుపు దగ్గర గేరు వేశాను. ఇంజను అందుకుంది. ఆఫీసుకి టైముకే వెళ్లాను. ఎవరికీ ఏమీ తెలియలేదు.

8 ఆగస్టు

ఇవాళా వాలే.

10 ఆగస్టు, గురువారం

నాది 1954 మోడలు బేబీ హిందుస్తాన్. పదేళ్ల కింద, ఓడల్ని రేవులోకి నడిపి రిటైరైన హార్బరు పైలట్ దగ్గర కొన్నాను. ఆ కారు వచ్చాక ఈ ఊళ్లో వీధులు నాకు పేర్లతో కాక వాలుతో గుర్తుంటున్నాయి. దొండపర్తిలో మా ఇల్లు మంచి వాలు. మహారాణిపేట అయితే సముద్రం దాకా జారుతూనే ఉండొచ్చు. కూరగాయలు పూర్ణా మార్కెట్లో చవక అని అందరూ అంటారు గానీ అక్కడంతా చదును, నేను వెళ్లను. పోర్టులో ఓడ సరుకు లెక్క రాసే మా టాలీ క్లర్కుల షెడ్డు కూడా చదునే. శుక్రవారం తప్ప రోజూ సాయంత్రం అయిదింటికి మా సెక్షన్ నలుగురూ బయటికి వచ్చి, చొక్కా చేతులు మడిచి, అడక్కుండానే నా కారు వెనక నిలబడతారు. "గురునాథరావు గారూ, రైట్!" అని ఒక కేక. దానికి అలవాటు పడ్డాను.

అలవాటు పడనిది దేముడమ్మ ఒక్కతే.

మే ఇరవై ఒకటో తారీఖు సంగతి రాయనక్కర్లేదు. మర్చిపోతే కదా రాయడానికి.

12 ఆగస్టు, శనివారం

పాత పోస్టాఫీసు దగ్గర నజీర్ కొట్టుకి వెళ్లాను. నజీర్ ఈ ఊళ్లో డైనమోలు, స్టార్టర్లు బాగుచేసేవాళ్లలో నంబర్ వన్. నాకు పాతికేళ్ల స్నేహితుడు. ఈ రెండు మాటలూ ఇవాళ్టి దాకా రాసుకోవచ్చు.

కొట్టు ముందు బానెట్ ఎత్తాను. స్టార్టరు మీద వేలు పెట్టి చూశాను. జిడ్డు. వాసన చూశాను. నూనె.

"ఇదేటి నజీర్? నూనె పూసి పంపావా?" అన్నాను.

"నాను సుక్క నూనె ఎయ్యలేదు బావా. ఈ మోటారు కొసనున్న బెండిక్స్ పొడిగా ఉండాల. మోటారు తిరగ్గానే ఈ సిన్న పళ్ల సక్రం మర మీద జారి ముందుకెల్లి ఇంజను సక్రాన్ని పట్టుకోవాల. నూనె తగిలిందంటే దుమ్ము పట్టేస్తాది, జిగురైపోతాది, జారదు. జూన్లోనే సెప్పినాను కదా నీకు, నూనె ఎయ్యొద్దనీసి."

"నేను వెయ్యలేదు. నువ్వు వెయ్యలేదు. మరి పైనించి కురిసిందా?"

"నాకేటి తెలుసు బావా."

అప్పుడు నేను ఒక మాట అన్నాను. చేతకాకపోతే చేతకాదని చెప్పాలి గానీ నూనె పూసి కప్పిపుచ్చకూడదు అని. వీధిలో అందరూ విన్నారు.

నజీర్ చేతిలో స్పానరు కింద పెట్టాడు. "రోజా ఉన్నాను బావా. నాకు కోపం తెప్పించకు" అన్నాడు నెమ్మదిగా.

కారెక్కి పిడి లాగాను. గుయ్. పాత పోస్టాఫీసు దగ్గర అంతా చదును. పిలిస్తే మనిషి వస్తాడు గానీ వాలు రాదు కదా. రెండు నిమిషాలు అలాగే కూర్చున్నాను. తర్వాత కారు ముందుకి కదిలింది. అద్దంలో చూస్తే వెనక నజీర్. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి, ఎండలో, ఒక్కడే తోస్తున్నాడు. ఇంజను అందుకోగానే ఆగిపోయి, చేతులు దులుపుకుని, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

తోయమని నేను అడగలేదు.

13 ఆగస్టు

అడగలేదు, అంతే.

18 ఆగస్టు, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. దేముడమ్మ రిక్షాలో గుడికి వెళ్లింది, నేను వెనకే కారులో వెళ్లాను. గుడి దగ్గర ఒకరినొకరం చూసుకుని పలకరించుకున్నాం. పూజారి వింతగా చూశాడు.

సరే, ఎలాగూ అంతా రాస్తున్నాను కనుక మే సంగతి కూడా రాసేస్తాను. తగరపువలసలో మా తోడల్లుడి వాళ్ల ఇంట పెళ్లి. సంత వీధి మధ్యలో గాజుల కొట్టు ముందు కారు ఆగిపోయింది. అక్కడ గోలీ వేసినా దొర్లదు. పెళ్లివారంతా ఊరేగింపుగా ఎదురొస్తున్నారు. నేను స్టీరింగు వదలకూడదు. అందుకని దేముడమ్మ దిగింది. నెమలికంఠం రంగు పట్టుచీర, చేతికి నిండా గాజులు, ఒక చేత్తో కొంగు దోపుకుని కారు తోసింది. చెప్పు తెగింది. బాజాల వాళ్లు సరదాకి తోసినంతసేపూ డోలు కొట్టారు. ఆవిడ అప్పగారు అందరి ముందూ, "ఏటే దేముడూ, నిన్ను కారుకిచ్చి సేసినామా?" అంది.

కారు స్టార్టయ్యాక దేముడమ్మ ఎక్కలేదు. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని పెళ్లింటి దాకా నడిచింది. ఇంటికొచ్చాక ఒకటే మాట అంది: "నాను ఎక్కను. తోసే పని లేకండా దానంతట అది లేచిన నాడు సెప్పండి."

ఆ తర్వాత కారు మాట తప్ప అన్నీ మాట్లాడుతుంది. కోపం కూడా లేదు. అదే నాకు అర్థం కాదు. ప్రతి ఆదివారం మేమిద్దరం భీమిలిలో ఆవిడ చెల్లెలు జోగమ్మ ఇంటికి వెళ్లేవాళ్లం. దారిలో మైలురాళ్లన్నీ దేముడమ్మ పైకి చదివేది, నాకు తెలియనట్టు. ఇప్పుడు తను బస్సులో వెళ్తోంది, నేను ఇంట్లో ఉంటున్నాను. ఎడమ పక్క సీటులో కేరేజీ పెట్టుకోవడానికి బోలెడు చోటు. సౌకర్యంగానే ఉంది.

వ్రతాలు కదా, నువ్వుల నూనె సీసా మళ్లీ అయిపోయింది, తెమ్మంది.

27 ఆగస్టు, ఆదివారం

ఈ ఊళ్లో మెకానిక్ అంటే నజీర్ ఒక్కడేనా? పెందుర్తి రోడ్డులో అప్పలసూరి అనే అతను ఉన్నాడు. పాత స్టార్టరు విప్పేసి, జీపుది ఒకటి తెచ్చి బిగించాడు. పళ్ల లెక్క సరిపోతుందా అని అడిగాను.

"అన్నీ సక్రాలే కద్సార్" అన్నాడు.

హుషారైన మనిషి. నజీర్‌లా ప్రతిదానికీ నస పెట్టడు.

30 ఆగస్టు, బుధవారం

పిడి లాగితే కొబ్బరిచిప్పలు రోట్లో వేసి దంచినట్టు చప్పుడు. వీధిలో కుక్కలన్నీ లేచి నిలబడ్డాయి. ఎదురింటి సన్యాసమ్మ పరుగున వచ్చి, "బావుగారికేటైనా అయ్యిందేటి?" అని దేముడమ్మని అడిగింది. దేముడమ్మ, "ఆయనకేటి కాలేదొదినా, కారు పళ్లు కొరుకుతన్నాది" అని చెప్పడం లోపల్నుంచి విన్నాను. నవ్వింది. మే తర్వాత కారు మీద నవ్వడం ఇదే మొదలు. రెండు జీపు పళ్లు విరిగిపోయినా నాకు పెద్ద బాధ కలగలేదు.

సాయంత్రం అప్పలసూరి వచ్చి, నా పాత స్టార్టరే మళ్లీ బిగించి, ఏమీ మాట్లాడకుండా వెళ్లాడు.

5 సెప్టెంబరు, మంగళవారం

రంజాన్ పండగ. ప్రతి ఏడూ మదీనా బీ, అంటే నజీర్ భార్య, మాకు ఇత్తడి గిన్నె నిండా సేమియా పాయసం పంపుతుంది. ఈసారి రాదని ముందే అనుకున్నాను. రాకపోతే నాకేమీ పట్టింపు లేదు కూడా.

పదకొండింటికి వచ్చింది. అదే గిన్నె, పైన అదే మల్లెపూల గుడ్డ కప్పి. తెచ్చినతను, "నజీర్ భాయ్ సలాం సెప్పమన్నారు" అన్నాడు.

నాకు కడుపు నిండుగా ఉందని చెప్పాను. దేముడమ్మ తిని, "జీడిపప్పు బాగా ఏసింది" అని గిన్నె వంటింట్లో పెట్టింది. మధ్యాహ్నం మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లినప్పుడు ఒక్క చెంచా తిన్నాను, పాడైపోతుందేమోనని. సాయంత్రానికి గిన్నె ఖాళీ.

"పిల్లి తినీసినట్టుంది" అంది దేముడమ్మ. మా ఇంట్లో పిల్లి లేదు.

6 సెప్టెంబరు

వినాయక చవితి. దేముడమ్మ అదే గిన్నెలో ఉండ్రాళ్లు వేసి నజీర్ ఇంటికి పంపించింది. పట్టుకెళ్లమని నన్ను అడగలేదు. అడిగితే వెళ్లేవాణ్ణేమో, చెప్పలేను.

10 సెప్టెంబరు, ఆదివారం

దేముడమ్మ బస్సులో భీమిలి వెళ్లింది. నేను స్పానర్లు తీసుకుని కారు కింద దూరాను. స్టార్టరుకి ఉన్నవి రెండే బోల్టులు. రెంటికీ కలిపి మూడు గంటలు పట్టింది.

బయటికి తీసి పాత పేపరు మీద పెట్టి చూశాను. పళ్ల చక్రం కదలడం లేదు. మర నిండా ఎర్రటి, పచ్చటి జిగురు. గోటితో గీరితే కుంకం. కింద పసుపు. నువ్వుల నూనె వాసన.

ఇది నా చేతి పనే.

ప్రతి విజయదశమికీ ఆయుధపూజలో నేను కారుకి పసుపు కుంకాలు పెడతాను. చక్రాల కింద నిమ్మకాయలు పెడతాను. ఇవి అందరూ చేసేవే. ఆ తర్వాత స్టార్టరు కనిపెట్టిన వాడికి దణ్ణం పెట్టుకుని, ఆ మోటారుకి కూడా బొట్టు పెట్టి, చక్రం మీద అరచెంచాడు నూనె పోస్తాను. పదేళ్లుగా. సంవత్సరమంతా సుఖంగా తిరగాలని. నూనె వెయ్యొద్దని నజీర్ చెప్పినప్పుడు అది మామూలు నూనె సంగతి అనుకున్నాను. పూజ నూనె వేరు కదా.

వేరేం కాదు. నూనె నూనే.

అంటే నజీర్ సరిగ్గానే చేశాడు. ఎండలో, ఉపవాసంతో, నేను అన్న మాట పడి, ఆ మాట అన్నవాడి కారునే తోశాడు. నాకు సిగ్గేసింది. ఇది ఎవరూ చదవరు కనుక రాస్తున్నాను, బాగా సిగ్గేసింది.

11 సెప్టెంబరు, సోమవారం

ఆఫీసుకి సెలవు పెట్టి, స్టార్టరుని గోనెసంచిలో వేసుకుని, సిటీ బస్సులో పాత పోస్టాఫీసుకి వెళ్లాను. సంచి ఒళ్లో పెట్టుకుంటే పక్కనాయన "పనసకాయా?" అని అడిగాడు. అవునన్నాను.

దారంతా మాటలు కూడగట్టుకున్నాను. కొట్టులోకి వెళ్లగానే ఒక్కటీ గుర్తు రాలేదు. సంచి నజీర్ ముందు పెట్టి, "ఆ నూనె నేనే పోశాను నజీర్. దసరాకి. నిన్ను అనరాని మాట అన్నాను. తప్పు నాది" అన్నాను.

నజీర్ నన్ను చూడలేదు. సంచిలోంచి స్టార్టరు తీసి, వేలితో గీరి, వాసన చూశాడు.

"ముందు కూకో బావా. టీ తాగు." టీ వచ్చేదాకా గీరుతూనే ఉన్నాడు. "దసరా అయ్యి ఎన్నాళ్లయ్యింది?"

"పదకొండు నెలలు."

"జూన్లో నాను దీన్ని కిరసనాయిలుతో కడిగినాను. తళతళలాడిపోనాది. నువ్వు దసరాకి పోసిన నూనె నాను జూన్లోనే తీసీసినాను. ఇది తరవాతది. ఇదిగో, ఇది ఇంకా తడిగుంది. వారం కూడా అవ్వలేదు." తర్వాత చక్రం పళ్ల మధ్యనుంచి పట్టకారుతో ఏదో లాగి నా అరచేతిలో పెట్టాడు. "ఇదేటి సెప్పు?"

నల్లగా, పీచులా ఉంది. దూది.

"వొత్తి ముక్క" అన్నాడు నజీర్. "దీపంలో ఏసీ వొత్తి."

నేను పూజలో ఎప్పుడూ వొత్తి వెయ్యను. ఎవరో గిట్టనివాళ్లు చేశారేమో అన్నాను. మా ఎదురింటి వాళ్ల మీద నాకు ఎప్పటినుంచో అనుమానం అని కూడా అన్నాను. నజీర్ టీ గ్లాసు వెనక దాక్కుని నవ్వాడు.

"మరి నామీద కోపం పోయిందా?" అన్నాను.

"ఎప్పుడో పోనాది. సేమియా పంపినాను కదేటి? నువ్వు తిన్నావా, సెల్లెమ్మ తిన్నాదా?"

"నేనే తిన్నాను. మొత్తం."

12 సెప్టెంబరు, మంగళవారం

సాయంత్రం నజీర్ మా ఇంటికొచ్చి స్టార్టరు బిగించాడు. పిడి లాగగానే ఇంజను ఒక్క ఉదుటున అందుకుంది. చదునులో! మూడుసార్లు ఆపి మూడుసార్లు లాగాను. మూడుసార్లూ అందుకుంది. నజీర్‌ని కౌగిలించుకున్నాను. నా చొక్కా పాడైపోయింది.

దేముడమ్మ గుమ్మంలోంచి చూసింది. "జూన్లో కూడా లేసినాది కదన్నా" అని నజీర్‌తో అని, లోపలికెళ్లి టీ పెట్టింది.

15 సెప్టెంబరు, శుక్రవారం

ఇవాళ జరిగింది ఎవరికీ చెప్పేది కాదు.

రావలసిన ఓడ రాలేదు. అయిదున్నరకే ఇల్లు చేరాను. శుక్రవారాలు ఓడ లెక్కలు తేలేసరికి చీకటి పడుతుంది, తోసేవాళ్లు ఉండరు, అందుకని ఆ రోజు కారు ఇంట్లో వదిలి బస్సులోనే వెళ్తాను. మామూలుగా ఆ రోజు ఇంటికొచ్చేసరికి ఏడవుతుంది.

దీపాలు పెట్టే వేళ. గేటు దగ్గరికి వచ్చేసరికి కారు పాకలో బానెట్ ఎత్తి ఉంది. ఎవరు ఎత్తారా అని మందార చెట్టు పక్కన ఆగాను.

దేముడమ్మ. తల మీద ముసుగు, చేతిలో ప్రమిద. ఇంజను ముందు ఆ ప్రమిద తిప్పి హారతిచ్చింది. స్టార్టరుకి బొట్టు పెట్టింది. ప్రమిదలో వెలుగు ఊదేసి, మిగిలిన నూనె అంతా వొత్తితో సహా నెమ్మదిగా ఆ మోటారు కొస మీద పోసింది. అప్పుడు చేతులు జోడించి, పసిపిల్లని బతిమాలినట్టు అంది:

"తల్లీ, ఆ రోజు కోపంలో అనీసినాను గాని నీ మీద నాకేటి లేదు. మళ్లీ లేసినావు, ఈపాలైనా నిలబడు. నాను మాటిచ్చీసినాను కదా, నువ్వు నిలబడకపోతే ఎలగెక్కేది? ఆదివారం ఆయనొక్కరే కూకుని గోడ సూత్తన్నారు. నాను బస్సులో కూకుని రాళ్లు సదూతన్నాను, ఎవులికి సెప్పను?"

నేను చప్పుడు చెయ్యకుండా వీధి చివర దాకా వెనక్కి నడిచాను. సోడా బండి దగ్గర నిలబడి సోడా తాగాను. కళ్లలో నీళ్లొచ్చాయి. సోడా ఘాటు అని బండివాడికి చెప్పాను. పది నిమిషాలాగి, గేటు గట్టిగా చప్పుడు చేస్తూ, దగ్గుతూ వచ్చాను. బానెట్ మూసి ఉంది. దేముడమ్మ బియ్యం ఏరుకుంటోంది.

"పెందలాడే వొచ్చీసినారేటి?" అంది.

"ఓడ రాలేదు."

నాలుగు నెలలు. నేను లేని ప్రతి శుక్రవారం అయ్యుండాలి. నాకు వినపడకుండా ఆ కారుని బతిమాలుకుంటోంది. లేవమని పోసిన నూనే దాన్ని లేవనివ్వడం లేదు. ఈ మాట నేను ఆవిడకి ఎలా చెబుతాను?

16 సెప్టెంబరు, శనివారం

చెప్పను.

నజీర్‌కి మాత్రం చెప్పాను. ముందు నవ్వాడు. టీ ఒలికిపోయేదాకా నవ్వాడు. తర్వాత ఆగిపోయాడు. స్పానరు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"సెల్లెమ్మకి సెప్పకు బావా."

"చెప్పకపోతే మళ్లీ శుక్రవారం పోస్తుంది."

"పొయ్యనీ. పోసీ నూనె లోపలికి దిగకండా సూసీ పని నాది" అన్నాడు. కొట్టు వెనక ఉన్న ఇంట్లోకి కేకేశాడు. కాసేపటికి మదీనా బీ బియ్యం పోసుకునే డాల్డా డబ్బా ఖాళీ చేసి పంపింది. దాన్ని కత్తిరించి, సుత్తితో కొట్టి, స్టార్టరు మీద గొడుగులా వచ్చేటట్టు ఒక రేకు తయారుచేశాడు. అంచులు పైకి మడిచాడు. ఒక పక్కకి చిన్న వాలు పెట్టాడు, నూనె జారి కింద నేల మీద పడడానికి.

ఈ కారు విషయంలో మళ్లీ వాలే పనికొచ్చింది.

17 సెప్టెంబరు

బెండిక్స్ మళ్లీ కడిగి, రేకు బిగించాడు. డాల్డా చెట్టు బొమ్మ పైకొచ్చింది. దేముడమ్మ చూసి "ఇదేటన్నా?" అంది.

"వాన నీళ్లు పడకండా సెల్లెమ్మా" అన్నాడు నజీర్, నా వైపు చూడకుండా.

29 సెప్టెంబరు

రెండు శుక్రవారాలు గడిచాయి. రోజూ మొదటి లాగుడుకే లేస్తోంది. ఆఫీసులో అయిదింటికి మా వాళ్లు నలుగురూ అలవాటుగా చేతులు మడిచి వచ్చి, కారు తనంతట తానే వెళ్లిపోతే, కొంచెం చిన్నబుచ్చుకున్నారు. సోమవారం నుంచి వాళ్లని ఎక్కించుకుని జంక్షన్ దాకా దింపుతున్నాను.

దేముడమ్మ ఏమీ అనడం లేదు. నేనూ అడగడం లేదు. అడగాలని నాకు తొందరేమీ లేదు. అద్దాలు రెండుసార్లు కడిగాను. ఎడమ సీటు కవరు కుట్టించాను. కేరేజీ వెనక సీటులో పెడుతున్నాను. ఊరికే.

11 అక్టోబరు, బుధవారం, విజయదశమి

పూజ చేశాను. పసుపు, కుంకం, నిమ్మకాయలు, కొబ్బరికాయ. బానెట్ ఎత్తి బొట్టు పెట్టి ఊరుకున్నాను.

"నూనె పొయ్యలేదేటండీ? ఏటా పోత్తారు కదా" అంది దేముడమ్మ.

"ఈ ఏడు నువ్వు పొయ్యి" అన్నాను.

నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత చెంచా తీసుకుని డాల్డా చెట్టు మీద భక్తిగా పోసింది. నేను చేతులు జోడించాను. కారు లేచి నిమ్మకాయల మీదనుంచి వెళ్లింది. దిగి వచ్చేసరికి ఆవిడ లోపలికెళ్లిపోయి గారెలు వేస్తోంది.

14 అక్టోబరు, శనివారం

రేపు భీమిలిలో జోగమ్మ వాళ్ల కొత్త ఇంటి గృహప్రవేశం. తొమ్మిదింటి బస్సు ఉంది. దేముడమ్మ చీర ఇస్త్రీ చేస్తోంది. నెమలికంఠం రంగుది.

నేనేం అడగలేదు.

15 అక్టోబరు, ఆదివారం

ఎనిమిదింటికి కారు గేటు ముందు పెట్టి, తలుపు తెరిచి నిలబడ్డాను. దేముడమ్మ సంచి పట్టుకుని వచ్చింది. కారు దాటి రెండు అడుగులు బస్సు స్టాపు వైపు వేసింది. నేను తలుపు పట్టుకునే నిలబడ్డాను. అప్పుడు వెనక్కి తిరిగి, "సెప్పులు మార్సుకోవాలి" అని ఇంట్లోకెళ్లి, పట్టీ గట్టిగా ఉన్న చెప్పులు వేసుకొచ్చింది. తోయాల్సి వస్తే తెగకుండా ఉండడానికి. ఎడమ పక్క సీటులో కూర్చుంది. నేను తలుపు వేశాను.

మధురవాడ దాటాం. ఆ తర్వాత "భీమిలి పదకొండు" అని మైలురాయి చదివింది. నేను "ఓహో" అన్నాను.

తగరపువలస వచ్చింది. సంత వీధి. గాజుల కొట్టు.

"ఆపండి" అంది.

"ఇక్కడా? చదును..."

"ఇక్కడే. ఇంజను కూడా ఆపీయండి."

ఆపాను. ఇంత భయం నాకు పోర్టులో క్రేను గొలుసు తెగినప్పుడు కూడా వెయ్యలేదు. గాజుల కొట్టతను గుర్తుపట్టి బయటికొచ్చాడు. పక్క కొట్లలోంచి ఇద్దరు వచ్చారు, లుంగీలు ఎగ్గట్టి, వెనక్కి వెళ్లి కారు మీద చేతులు కూడా వేశారు. "మేం తోత్తాం లెండమ్మా, మీరు దిగకండి!"

దేముడమ్మ అద్దం దించి, తల బయట పెట్టి, "సేతులు తియ్యండి" అంది. ఆ తర్వాత వంగి, ఒక చేత్తో గాజులు వెనక్కి తోసుకుని, స్టార్టరు పిడి తనే లాగింది.

ఇంజను అందుకుంది. మొదటి లాగుడికే.

వెనక ఉన్నవాళ్లు ఈల వేశారు. దేముడమ్మ వెనక్కి ఆనుకుని, కొంగు సర్దుకుని, ఎదురుగా చూస్తూ అంది:

"శుక్రారం శుక్రారం నాను పోసిన నూనె ఊరికే పోతాదేటండీ?"

అప్పుడు అంతా చెప్పింది. అయిదు నెలలుగా నాకు తెలియకుండా ఎలా పోసిందీ, మొదట్లో పని చెయ్యకపోతే భక్తి చాలలేదని చెంచా నుంచి ప్రమిదకి ఎలా పెంచిందీ. చెబుతూ చెబుతూ నవ్వింది. నేను రోడ్డు మీదనుంచి కళ్లు తియ్యలేదు.

"పోదు. ఊరికే ఎలా పోతుంది" అన్నాను.

అబద్ధం కాదు. ఆ నూనె వల్లే కదా ఇప్పుడు నా పక్కన కూర్చుంది.

16 అక్టోబరు, సోమవారం

నజీర్‌కి గృహప్రవేశం బూరెలు ఇచ్చాను. దేముడమ్మ చెప్పమన్న మాట కూడా చెప్పాను: నజీరన్న మంచి పని సేసినాడు గాని, అసలు పని సేసింది నూనె.

నజీర్ బూరె మొత్తం నమిలి మింగాడు.

"సెల్లెమ్మ సెప్పింది రైటే బావా" అన్నాడు.

20 అక్టోబరు, శుక్రవారం

అయిదింటికే పని అయిపోయింది. కారుని వీధి చివర, చదునులో ఆపాను. సోడా బండి దగ్గర కూర్చుని రెండు సోడాలు తాగాను. శుక్రవారం కదా, ఆవిడ పూజకి అడ్డు రాకూడదనుకున్నాను గానీ, పూజ చేసే కారు నా దగ్గరే ఉందని ఆరున్నర దాటాక గుర్తొచ్చి ఇంటికి తీసుకెళ్లాను. ఆవిడ గుమ్మంలో ప్రమిద పట్టుకుని ఎదురుచూస్తోంది. "ఇవాళ ఆలస్యమైపోనాది, దీపం ఆరిపోతన్నాది, బానెట్ ఎత్తండి" అంది.

ఎత్తాను. పక్కన నిలబడి దణ్ణం పెట్టుకున్నాను.

21 అక్టోబరు, శనివారం

పొద్దున్నే లేచి, దేముడమ్మ చూడకుండా, గుడ్డతో డాల్డా రేకు తుడిచాను. వొత్తి ముక్క తీసి జేబులో వేసుకున్నాను. రేపు భీమిలి.